తాతయ్య మాట మనతో రావాలి

కేంద్రీయ విద్యాలయాలు పుట్టిందే మనలాంటి పిల్లల కోసం. తరచూ బదిలీ అయ్యే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లల చదువు దెబ్బతినకూడదని 1963లో 20 రెజిమెంటల్ పాఠశాలలతో ఇవి మొదలయ్యాయి. జమ్మూలో ఆరో తరగతి సగంలో వదిలేసి వచ్చినా, మిగతా సగం విశాఖపట్నంలో అందుకోవచ్చు. చదువు సంగతి అలా కుదిరింది. మరి కుటుంబ జ్ఞాపకాల సంగతి? ఆ పని మనమే చూసుకోవాలని నా అభిప్రాయం.

ఒకే ఊళ్లో పెరిగే పిల్లలకు ఊరే అన్నీ గుర్తుచేస్తుంది. "ఇది మీ తాత తవ్వించిన బావిరా" అని దారిన పోయే పెద్దాయన ఎవరో చెబుతాడు. మనం ఉండే క్వార్టర్స్‌లో మన తాతయ్యను చూసినవాళ్లు ఒక్కరూ ఉండరు. పైగా బదిలీ వచ్చిన ప్రతిసారీ సామాను తగ్గించాలని ముందుగా పారేసేది పాత కాగితాలనే. వాటిలో తాతయ్య రాసిన ఇన్‌లాండ్ లెటర్లు కూడా ఉండవచ్చు. తెలుగు చదవడం రాకపోతే ఏది దాచాలో, ఏది పారేయాలో మనకెలా తెలుస్తుంది?

"పెద్దవాళ్ల మాటలు ఫోన్‌లో రికార్డు చేసుకుంటే చాలదా?" అని కొందరు మిత్రులు అంటారు. చేసుకోవడం మంచిదే. కానీ అడగడం తెలిస్తేనే వాళ్లు చెబుతారు. "రోజూ కుంచెడు బియ్యం వండేవాళ్లం" అంటుంది అమ్మమ్మ. కుంచమంటే నాలుగు మానికలని తెలిస్తే, "అంతమంది ఎవరు తినేవారు అమ్మమ్మా?" అని అడుగుతాం. అక్కడి నుంచి కథ మొదలవుతుంది. తెలియకపోతే "ఊఁ" అని ఊరుకుంటాం.

నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు జిల్లా పల్లెలోని తమ ఇంటి సంగతులను ఇంట్లో మాట్లాడుకునే యాసలోనే రాశారు. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు'లో నెల్లూరు ప్రాంతపు ముస్లిం కుటుంబంలో గడిచిన తన బాల్యాన్ని రాశారు. ఆ కథల్లో రాజులూ మంత్రులూ లేరు. మామూలు అమ్మానాన్నలే ఉన్నారు. రాశారు కాబట్టే ఆ జీవితాలు మనదాకా వచ్చాయి. మన ఇళ్లలో మాత్రం అలాంటి సంగతులు లేవా?

హోంవర్కు, పరీక్షల మధ్య ఇంకో లిపి కూడానా అనిపించవచ్చు. వేసవి సెలవుల్లో రోజుకు అరగంట కేటాయిస్తే అక్షరాలు, గుణింతాలు వస్తాయి. అమ్మో నాన్నో పక్కన కూర్చుంటే చాలు.

ఈసారి ఊరికి వెళ్లేటప్పుడు ఒక నోట్‌బుక్ తీసుకెళ్లండి. ఊరు వదిలి మొదట ఉద్యోగానికి వెళ్లింది ఎవరు? మొదటి జీతంతో ఏం కొన్నారు? నాయనమ్మ ఎంతవరకు చదువుకుంది, ఎందుకు మానేసింది? వాళ్లు చెప్పింది చెప్పినట్టే తెలుగులో రాయండి. తప్పులు పోతే తర్వాత దిద్దుకోవచ్చు. చెప్పేవాళ్లు వెళ్లిపోతే మాత్రం అడగడానికి ఎవరూ ఉండరు. వచ్చే బదిలీకి లారీ ఎక్కే సామానులో ఆ నోట్‌బుక్ తప్పకుండా ఉండాలి.