బిగిసిన ఇంజనుపై సమ్మెట వలదు

మన సంఘ సభ్యులలో అనేకుల పాకలయందు ఒక మూల పాత ఆయిలింజను పడియున్నది. ఒకప్పుడు బావిగట్టున రేయింబవళ్లు ఆడి వరిమళ్లకును చెఱకుతోటలకును నీరందించిన ఇంజనే అది. ఊరికి కరెంటు వచ్చెను. బోరులలోనికి మోటారులు దిగెను. 2004వ సంవత్సరమున ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు లభించిన పిమ్మట డీసిలుతో నీరు తోడువారు మఱింత తగ్గిరి. ఇంజను పాక చేరెను. దానిపై గోనెసంచులును, సంచులపై కోళ్లును చేరెను. ఇప్పుడు పాత ఇనుము బేరగాడు వచ్చి "తిరుగని యంత్రమెందులకు, తూకమునకిండు" అనుచున్నాడు. కొందఱు ఇచ్చుచున్నారు. ఇయ్యనివారు సమ్మెట పట్టుచున్నారు. రెండును తప్పేయని మా అభిప్రాయము.

మాకెఱుకైన ఒక రైతు, తుపాను వెనుక కరెంటు స్తంభములు పడిపోగా, మడిలో నిలిచిన నీటిని తోడుటకై పాకలోని ఇంజనును బయటికి లాగించెను. హాండిలు తిరుగలేదు. నలుగురు చేరి చక్రమునకు గునపము తగిలించి తొక్కిరి, కదలలేదు. అంతట సిలిండరు తల విప్పి, పిస్టను నెత్తిన సమ్మెటతో మోదిరి. నాలుగవ దెబ్బకు పిస్టను పగిలెను. కనెక్టింగు రాడ్డును వంగినట్లు పిమ్మట తెలిసెను. వరి నీటిక్రిందనే మురిగిపోయెను. మేము వెళ్లునప్పటికి ఆయన ఇంజను ప్రక్కను కూర్చుండి, "అయ్యా, ఒక వారము ముందుగా చూచుకొనియుంటే బాగుండును" అనెను. మాకు బదులు తోచలేదు. ఏలయన, అంతకు ముందు వేసవిలో ఆ పాకలోనే ఆయన ఇచ్చిన మజ్జిగ త్రాగుచు విత్తనములను గూర్చి గంటసేపు ముచ్చటించితిమి గాని, మూలనున్న ఇంజను మాట ఎత్తమైతిమి.

ఇంజను బిగియుటకు కారణము సామాన్యముగా తుప్పే. సైలెన్సరు గొట్టము ఆకాశమునకు నోరు తెఱచియుండును. వాన నీరు దానిలో పడి, తెఱచియున్న వాల్వు ద్వారమున సిలిండరులోనికి దిగును. పిస్టను రింగులును సిలిండరు గోడయు పోతయినుముతో చేసినవి. వానికి నడుమ ఖాళీ అత్యల్పము. తుప్పు, తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటాక్రమించును గనుక, ఆ ఖాళీని నిండి రెంటిని ఒకటిగా అతికించును. ఆ అతుకును దెబ్బతో విడదీయబోయినచో అతుకుకంటె ముందు పిస్టనే విఱుగును.

దీనికి మందు నూనెయును, ఓర్పును. నాజిలు విప్పి, వీలైనచో సిలిండరు తలయే విప్పి, పిస్టనుపై సగము డీసిలు, సగము పలుచని ఇంజనాయిలు కలిపి పోయవలెను. పట్టణములలోని మెకానిక్కులు గేరుబాక్సుల కుపయోగించు పలుచని ఎఱ్ఱ నూనెలో సమముగా అసిటోను కలిపి వాడుదురు. అది త్వరగా లోనికి దిగునుగాని అతి సులభముగా అంటుకొనును. దాపున బీడీ కాల్చువాని నుండనీయరాదు. పోసిన నూనె దిగిపోయినకొలది మరల పోయుచు ఒక వారమైనను, మూడు వారములైనను వేచియుండవలెను. దినమున కొకసారి చక్రమును చేతితో ముందునకును వెనుకకును ఊపి చూడవలెను. గునపము వలదు. వెండ్రుకవాసి కదలినను గెలిచినట్లే. అచ్చటినుండి ఇటునటు ఊపుచు నూనె పోయుచు పోవలెను గాని, ఒక్కవైపునకే తోయరాదు.

అప్పటికిని కదలనిచో, పిస్టనుకు పైన సిలిండరు గోడపై కట్టిన తుప్పును ఎమరీ కాగితముతో గీచి తుడిచి, పిస్టను నెత్తిన దానికి సరిపడు గుండ్రని కొయ్యదిమ్మ నుంచి, చిన్న సుత్తితో మెల్లగా తట్టవలెను. నీటితో చల్లబడు ఇంజనైనచో, ఆ నీటిగదిలో వేడినీరు పోయుటయు మంచిదే. పిస్టను వేడెక్కుటకు ముందే సిలిండరు కొంచెము వ్యాకోచించి పట్టు సడలును. అసిటోను వాడినవారు మాత్రము అది పూర్తిగా ఆఱిన పిదపనే ఈ పని చేయవలెను. నూనె నింపి, నాజిలు బిగించి చక్రము త్రిప్పుట మాత్రము ఎన్నడును కూడదు. నూనె గాలివలె అణగదు, రాడ్డే వంగును.

విడివడినంతనే ఇంజనును నడపరాదు. క్రింది తొట్టిలో డీసిలు కలిసిన ఆయిలును పాఱబోసి క్రొత్తది పోయవలెను. విఱిగిన రింగులను మార్పించవలెను. సిలిండరు గోడ లోతుగా గుంటలు పడియున్నను, బీటవాఱినను, లాభనష్టములు చూచుకొని తూకమునకిచ్చుటయే మేలు. అట్టివానిని దాచుడని మేము చెప్పుట లేదు.

కరెంటుండగా ఈ శ్రమయేలయని కొందఱందురు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమునే చీకటిపాలు చేసెను. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఉద్దానమున కొబ్బరిచెట్లతోపాటు విద్యుత్ స్తంభములును కూలెను. స్తంభములు నిలుచుదాక పైరు ఆగునా?

ఇక సంఘమును గూర్చి ఒక మాట. ఎరువులకును అప్పులకును మన సంఘము చేయుచున్నది చాలనే కలదు. ఐనను స్పానర్లు, రింగులు తీయు పరికరము, ఒక డబ్బా నూనె గల పెట్టెయొకటి కొనుటకు చేతులు రాకున్నవి. ఇది మెకానిక్కుల పనియని కొందఱు సభ్యుల వాదము. మెకానిక్కు పట్టణమున నున్నాడు, ఇంజను పాకలో నున్నది. తుపాను నాడు నడుమ దారియే యుండదు.

బాగుగానున్న ఇంజనును దాచువారు లోపల రెండు మూడు చెంచాల ఆయిలు పోసి త్రిప్పి, హాండిలు బరువెక్కు చోట, అనగా రెండు వాల్వులును మూసియుండు చోట, ఆపవలెను. సైలెన్సరు నోటికి డబ్బా బోర్లించవలెను. పక్షమున కొకసారి త్రిప్పవలెను.

రానున్న సభ్యుల సమావేశమున ఆ పెట్టె విషయమును ప్రస్తావింపదలచితిమి. ఆలోపల కోళ్లను తోలి, సంచులను తీసి, చక్రమును చేతితో ఒకమాఱు త్రిప్పి చూడుడు. తిరుగనిచో సంఘ కార్యాలయమున పేరు వ్రాయించుడు.