కౌన్సిలర్ గది కంటే ముందు పక్క బెంచీ

2025 జూలై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లలో చాలామంది కంట పడకుండానే పోయింది. కేసు పుట్టింది మాత్రం మన దగ్గరే. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన పదిహేడేళ్ల బెంగాలీ అమ్మాయి తండ్రి, సీబీఐ విచారణ కావాలని ఢిల్లీ దాకా పోయి కొట్లాడాడు. జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా విచారణకు ఆదేశించి అంతటితో ఆగలేదు. చట్టం వచ్చేదాకా దేశంలోని బడులు, కాలేజీలు, హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లన్నీ పాటించాలని 15 మార్గదర్శకాలు ఇచ్చారు. వంద మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సిలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టొద్దు, అందరి ముందు అవమానించొద్దు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి.

మంచిదే. కానీ ఆ తీర్పులోనే ఉన్న లెక్క చూడండి. 2022లో దేశంలో 1,70,924 ఆత్మహత్యలు జరిగితే అందులో విద్యార్థులు 13,044 మంది. పరీక్ష తప్పడం వల్లనే జరిగినవిగా లెక్కకొచ్చినవి 2,248. అంటే ఆరింట ఒకటి. మిగతావి ఎక్కడివి? ఇంట్లో గొడవ, ప్రేమ, ఏడిపింపులు, ఒంటరితనం, ఎవరికీ చెప్పుకోని జబ్బు. పోలీసు రికార్డులో ఒక కారణమే రాస్తారు గానీ, పిల్లవాడి మనసులో అన్నీ కలిసే ఉంటాయి.

మార్కుల సంగతి చిన్నదని నేననడం లేదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలప్పుడు తెలుగులో 99 వచ్చిన అమ్మాయికి మెమోలో సున్నా పడింది. ఆ తప్పుల గందరగోళం నడిచిన రోజుల్లోనే ఇరవై మందికి పైగా పిల్లల్ని పోగొట్టుకున్నాం. కానీ ఆ పిల్లల్లో ఎందరు ఒక పెద్దమనిషి దగ్గరకెళ్లి "నాకు భయంగా ఉంది సార్" అని చెప్పి ఉంటారు? ఈ వయసులో బాధ చెప్పుకునేది పక్క బెంచీవాడితోనే. కౌన్సిలర్ గది తలుపు తీసుకుని లోపలికి పోవడమంటే "వీడికి పిచ్చంట" అని క్లాసంతా అనుకునే రోజులు మనవి.

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియక కాదు. 2014 జనవరిలో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమంలో తోటి పిల్లలకు చెప్పేవారిని 'సాథియా'లుగా ఎంపిక చేయాలన్నారు. 2020 ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ కింద వచ్చిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో బడికి ఇద్దరు టీచర్లు, క్లాసుకు ఇద్దరు విద్యార్థులు ఆరోగ్య దూతలుగా ఉండాలన్నారు. కాగితం మీద బాగానే ఉంది. ఆ ఇద్దరు ఎవరవుతారో మనందరికీ తెలుసు. క్లాస్ ఫస్టు, క్లాస్ సెకండు. వెనక బెంచీవాడు తన బాధ పోయి క్లాస్ ఫస్టుకు చెప్తాడా?

ఈ విషయంలో అమెరికాలో జరిగిన ఒక పని నాకు నచ్చింది. నార్త్ డకోటాలో 1998లో మొదలైన 'సోర్సెస్ ఆఫ్ స్ట్రెంగ్త్' అనే కార్యక్రమంలో లీడర్లను అన్ని గుంపుల నుంచీ తీసుకుంటారు. ఆటగాళ్లు, అల్లరివాళ్లు, ఎవరితో కలవనివాళ్లు అందరూ ఉంటారు. 18 హైస్కూళ్లలో దీన్ని పరీక్షించి 2010లో ఫలితాలు అచ్చువేశారు. పెద్ద బడుల్లో శిక్షణ పొందిన పిల్లలు, పొందనివాళ్లతో పోలిస్తే, ప్రాణం తీసుకోవాలనుకుంటున్న స్నేహితుడి గురించి పెద్దవాళ్లకు చెప్పడం నాలుగు రెట్లుందని తేలింది. గమనించండి, పిల్లలు చేసింది వైద్యం కాదు. పెద్దవాళ్లకు చెప్పడం.

నేను పనిచేసేది బడిలో కాదు, కన్‌స్ట్రక్షన్ సైట్ మీద. అయినా ఈ మాట నాకు కొత్తగా అనిపించలేదు. యూఏఈలో ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఎండలో పని నిషేధం. అయినా పొద్దున పది గంటలకే మనిషి కూలబడొచ్చు. అందుకే లేబర్‌ను ఇద్దరిద్దరిని జత కడతాం. జతగాడు డాక్టరు కాదు. పక్కవాడు తూలుతున్నాడా, మాట తడబడుతోందా చూడాలి, చూసి కేకేయాలి, అంతే వాడి పని. పోస్టర్ అంటించి వదిలేసిన సైట్లలో ఈ జతలు రిజిస్టర్‌లోనే ఉంటాయి. పొద్దున టూల్‌బాక్స్ టాక్‌లో ఒకడిని పడిపోయినట్టు నటించమని, జతగాడి చేత అందరి ముందు చేసి చూపించమన్న చోటే పనిచేస్తాయి. మొదటిసారి అందరూ నవ్వుతారు. మూడోసారికి ఎటు మోయాలో, ఎవరిని పిలవాలో చేతులకే అలవాటైతది.

బడిలో నాటకం చేయాల్సిన పని అచ్చం ఇదే. బ్రెజిల్ నాటకకర్త ఆగస్టో బోల్ 1970లలో ఒక పద్ధతి తెచ్చాడు. కథ చెడిపోయే చోట నాటకం ఆపేస్తారు. చూసేవాళ్లలో ఒకరు లేచి స్టేజీ ఎక్కి "నేనైతే ఇట్ల చేస్తా" అని ఆ పాత్ర తీసుకుని ఆడతారు. కుదరకపోతే ఇంకొకరు. పశ్చిమ బెంగాల్‌లో 1985లో మొదలైన 'జన సంస్కృతి' వాళ్లు పల్లెల్లో ఈ పద్ధతే ఆడుతున్నారు. ఒక పిల్లాడిని నలుగురు ఏడిపిస్తున్నారు, అయిదోవాడు చూస్తున్నాడు. ఆ అయిదోవాడు ఏం చేయాలి? ఈ ప్రశ్నకు నీతిపాఠంలో జవాబు రాస్తే అయిదు మార్కులొస్తాయి. స్టేజీ మీద నిలబడి చెప్పాలంటే నోరు పెగలదు. ఆ నోరు పెగలడమే ఇక్కడ నేర్చుకోవాల్సింది.

మనకు ఇది పరాయి విద్య కూడా కాదు. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలుంటారు కదా, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కథ మధ్యలో ఆపి ప్రశ్నలు వేయడమే వాళ్ల పని. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి ఆ రూపాన్నే పట్టుకుని ఊరూరా తిరిగింది. హాస్టల్ అన్నం గురించి, ర్యాంకుల గురించి పిల్లలే ఒక బుర్రకథ కట్టుకుంటే దానికి సెట్టింగులూ అక్కర్లేదు, కొరియోగ్రాఫరూ అక్కర్లేదు.

గల్ఫ్‌లోని మన సీబీఎస్ఈ బడుల్లో జరిగేది వేరు. యాన్యువల్ డే అంటే తల్లిదండ్రులు వీడియో తీసుకోవడానికి సినిమా పాటకు డ్యాన్సు. నాటకం వేసినా టీచరే రాస్తుంది, టీచరే డైలాగు చెప్పిస్తుంది. బడి అయిపోగానే బస్సు కదులుతుంది, ఇక రిహార్సల్ ఎప్పుడు? కొన్ని బడులైతే రెండు షిఫ్టుల్లో నడుస్తాయి, గది కూడా ఖాళీ ఉండదు. అయితే టైము లేదన్న మాట పూర్తిగా నిజం కాదు. ఒకటి నుంచి పన్నెండో తరగతి దాకా వారానికి రెండు పీరియడ్లు కళలకు ఇవ్వాలని సీబీఎస్ఈ 2019లోనే చెప్పింది. సంగీతం, నృత్యం, చిత్రకళతో పాటు నాటకం పేరు కూడా అందులో ఉంది. పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల షీటు తీసుకునే ముందు ఆ రెండు పీరియడ్లు ఏమయ్యాయని అడిగేవారు నాకింతవరకు కనబడలేదు.

ఇక్కడ పిల్లల్ని పెట్టుకున్నవాళ్ల సంగతి ఇది. యూఏఈలో ఫ్యామిలీ వీసాకు జీతం 4,000 దిర్హమ్‌లన్నా ఉండాలి, లేదా 3,000తో పాటు ఇల్లు. మేస్త్రీలు, షట్టరింగ్ కార్పెంటర్లు, హెల్పర్లలో అంత తీసుకునేవాళ్లు తక్కువ. వాళ్ల పిల్లలు జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి హైదరాబాద్ హాస్టళ్లకు పోతున్నారు. మా సైట్‌లో ఒక మేస్త్రీకి ఆదివారం కూతురితో పది నిమిషాలు మాట్లాడే వీలుంది. ఆ పిల్ల వెనక లైన్లో ఇంకా పిల్లలుంటారు. "మార్కులెన్ని బిడ్డా, మెస్ ఫీజు కట్టిన, మంచిగ చదువు" అనేసరికి టైమైపోతది. తప్పు పట్టడానికి లేదు, అప్పు చేసి కట్టిన ఫీజు అది. కానీ మిగతా వారమంతా ఆ పిల్లకు దిక్కు పక్క మంచం పిల్లే. పక్క మంచం పిల్లకు ఏం చేయాలో ఎవరైనా నేర్పారా అన్నదే నా ప్రశ్న.

జాగ్రత్తలు కూడా ఉన్నాయి. పిల్లలే నడిపించాలంటే పెద్దవాళ్లు తప్పుకోవాలని కాదు. "ఎవరికీ చెప్పకు" అని ఒట్టు వేయించుకున్న రహస్యాన్ని పద్నాలుగేళ్ల పిల్ల ఒంటరిగా మోయకూడదు. ప్రాణం మీదికొచ్చే మాటకు ఒట్టు చెల్లదని మొదటి రోజే చెప్పాలి. క్లాసులో నిజంగా జరిగిన పిల్లవాడి కథను స్టేజీ మీద ఆడకూడదు. చావును చూపించే సీను అసలే వద్దు, సాయం అడిగే సీను చూపించాలి. ఇంటి దగ్గర పిల్లల నోట్‌బుక్ వెనక టెలి మానస్ నంబరు 14416 రాయించండి. 2022 అక్టోబరు నుంచి రాత్రింబవళ్లు నడుస్తోంది, తెలుగులో మాట్లాడతారు.

ఈ కళ విషయంలో మలయాళీలను చూస్తే నాకు కొంచెం కుళ్లే. కేరళలో 1957 నుంచి బడి పిల్లల కలోత్సవం జరుగుతోంది, నాటకం అందులో పెద్ద పోటీ. ఇక్కడికొచ్చినా వదల్లేదు, అబుదాబిలో వాళ్ల సెంటర్లో నాటకోత్సవాలు జరుగుతాయి. మన సంఘాల ఉగాది ప్రోగ్రాంలో ముఖ్య అతిథి స్పీచుకు ముప్పావుగంట, శాలువాలకు అరగంట. అందులో ఒక్క పదిహేను నిమిషాలు హైస్కూల్ పిల్లలకు వదిలేసి, స్క్రిప్టు కూడా వాళ్లనే రాసుకోనిస్తే ఏం ఆడతారో చూడాలని ఉంది. ముందు వరసలో కూర్చునేది అమ్మానాన్నలమే కాబట్టి, నాటకంలో మన పాత్రలే ఎక్కువుంటాయేమో.