నేలమీది మబ్బు

పిల్లలూ! మొన్న మా మనవడి ఫోను కాలవలో పడిపోయింది. చనిపోయిన వాళ్ళ నాయనమ్మ ఫోటోలన్నీ అందులోనే! పాపం, వాడు ఒకటే ఏడుపు. తీరా కొత్త ఫోనులో పాస్‌వర్డు కొట్టేసరికి అన్నీ తిరిగి వచ్చాయి.

అవి "క్లౌడు"లో ఉన్నాయట. క్లౌడంటే మబ్బు గదా? ఈ మబ్బు మాత్రం నేలమీదే ఉంటుంది: పెద్ద భవనాలలో వేలకొద్దీ కంప్యూటర్లు. వాడుకున్నంత మేరకే అద్దె. అమెజాన్ కంపెనీ ఈ వ్యాపారం 2006లో ఆరంభించి, 2022లో హైదరాబాదులోనూ కేంద్రాలు తెరిచింది.

ఒట్టి కంప్యూటరు అద్దెకు తీసుకోవటం ఖాళీ ఇంట్లో దిగటం వంటిది. ప్రోగ్రాములు రాసే సరంజామాతో సహా ఇస్తే, పొయ్యీ గిన్నెలూ ఉన్న ఇల్లన్నమాట, వంట మనదే. మూడోది పూటకూళ్ళ ఇల్లు. కూర్చుని తినటమే! మా వాడి ఫోటోల పెట్టె ఈ రకమే. కొంత మేరకు ఉచితం కూడా.

పాస్‌వర్డు వాడికి గుర్తుంది గనక సరిపోయింది. నాది నేను ఇప్పటికి రెండుసార్లు మరిచాను!