పరిశోధన మధ్యలో ఆగిపోరాదు

పీహెచ్‌డీ తొలి ఏడాది ఉత్సాహంతో గడిచిపోతుంది. కష్టమంతా ఆ తరువాతే. తోటివారు ఉద్యోగాల్లో చేరిపోతారు, సిద్ధాంత గ్రంథం మాత్రం కదలదు. అటువంటి వేళ చేతిలో ఫెలోషిప్ ఉండడం వేరు, లేకపోవడం వేరు. ఆరు మైనారిటీ వర్గాల పరిశోధకుల కోసం 2009లో ఆరంభమైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్రం 2022-23 నుంచి నిలిపివేసింది. ఇతర పథకాలు కూడా ఆ పనే చేస్తున్నాయట! ఒకరు ఒకేసారి రెండు ఫెలోషిప్‌లు పొందే వీలే లేనప్పుడు ఈ వాదన నిలవదు. ప్రముఖ కళాశాలల్లో పీజీ విద్యార్థులు 50 మందిలో ముస్లిం ఒక్కరేనని 2006లో సచార్ కమిటీ నివేదించిన సంగతి పాలకులకు తెలియనిది కాదు. ఫెలోషిప్‌ను పునరుద్ధరించాలని మనం అడుగుతూనే ఉండాలి.

అంతవరకూ పరిశోధక విద్యార్థులు గదికే పరిమితం కారాదు. సెమినార్లకు వెళ్లాలి, రాసినవి పది పేజీలైనా సరే గైడుకు చూపాలి, విద్యార్థి సంఘాల్లో ఉండాలి. తల్లిదండ్రులకూ ఒక విన్నపం. "ఇంకా ఎన్నాళ్లీ చదువు?" అన్న ప్రశ్న, ముఖ్యంగా ఆడపిల్లలను, లోలోపల కుంగదీస్తుంది. "ఇప్పుడు ఏ అధ్యాయం రాస్తున్నావమ్మా?" అని అడిగి చూడండి. మన మస్జిద్ కమిటీల సాయం తరచు పదో తరగతి బహుమతులతోనే ముగుస్తోంది. అందులో కొంత క్షేత్ర పర్యటనలకు, థీసిస్ ముద్రణకు కేటాయించే విషయం ఈ ఏటి బడ్జెట్‌లోనే ఆలోచించాలని కోరుతున్నాము.