శిథిల విమానానికి కొత్త రంగెందుకు?

1942 జూన్ 28న బ్రిటిష్ వైమానిక దళ (ఆర్‌ఏఎఫ్) ఫ్లైట్ సార్జెంట్ డెనిస్ కోపింగ్, దెబ్బతిన్న కిట్టీహాక్ యుద్ధ విమానాన్ని మరమ్మతుకు తీసుకెళ్తూ ఈజిప్టు ఎడారిలో దారి తప్పాడు. అతని వయసు 24 ఏళ్లు. ఇసుకలో దించిన ఆ విమానం 70 ఏళ్లు అక్కడే పడి ఉంది. 2012లో చమురు సంస్థలో పనిచేసే ఓ పోలెండ్ ఉద్యోగి కంటపడినప్పుడు దాని పక్కన పారాచూట్ గుడ్డ కనిపించింది. విమానంలోంచి ఊడదీసిన రేడియో, బ్యాటరీ కూడా ఉన్నాయి. అంటే మనిషి ప్రాణాలతోనే దిగాడు. నీడ కోసం గుడ్డ కట్టుకుని ఉంటాడు, రేడియోలో కబురు పంపాలని చూసి ఉంటాడు, ఆ తర్వాత ఎటో నడిచి వెళ్లిపోయాడు. ఏ దస్త్రానికీ ఎక్కని ఆ గంటల గురించి మనకు తెలిసిందల్లా ఆ వస్తువులు పడి ఉన్న తీరును బట్టే.

ఆ విమానాన్ని ఎడారిలోంచి తీసినందుకు ఆర్‌ఏఎఫ్ మ్యూజియం ఓ ప్రైవేటు సంస్థకు ఏకంగా ఒక స్పిట్‌ఫైర్ విమానాన్ని ముట్టజెప్పింది. కిట్టీహాక్ మాత్రం లండన్‌కు చేరలేదు, ఎల్ అలమీన్ సైనిక మ్యూజియంలో ఉండిపోయింది. ఈజిప్టు ఇసుకలో దొరికింది ఈజిప్టులో ఉంటే ఆక్షేపించాల్సింది ఏమీ లేదు. ఆక్షేపణంతా దానికి పూసిన కొత్త రంగు మీదే. 70 ఏళ్ల ఎండ, ఇసుక ఆ రేకు మీద రాసినదంతా దాంతో చెరిగిపోయింది.

లండన్‌లో అదే ఆర్‌ఏఎఫ్ మ్యూజియం హెండన్ ప్రాంగణంలో ఓ హాలిఫాక్స్ బాంబర్ ఉంది. 1942 ఏప్రిల్‌లో జర్మన్ యుద్ధనౌక టిర్పిట్జ్‌పై దాడికి వెళ్లి, కాల్పుల్లో దెబ్బతిని, నార్వేలో గడ్డకట్టిన సరస్సు మీద దిగింది. సిబ్బందిలో ఒకరు శత్రువుకు చిక్కగా మిగతావారు స్వీడన్ చేరుకున్నారు. విమానం మంచు విరిగి నీటి అడుగుకు వెళ్లింది. 1973లో పైకి తీశాక దాన్ని చాలావరకు ఆ స్థితిలోనే ఉంచారు. చినిగిన రేకులు, తుప్పు అలాగే కనిపిస్తాయి. తళతళలాడే విమానాలనే జనం ఇష్టపడతారన్నది మ్యూజియంల వాదన. నిజమే, పిల్లలతో ఫొటోలు దిగేది వాటి ముందే. అలాంటివి బోలెడున్నాయి కదా, శిథిలాలను ఉన్నట్టే వదిలేయొచ్చు.

ఉన్నదున్నట్టు ఉంచడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. 2013లో ఇంగ్లిష్ చానెల్ అడుగు నుంచి తీసిన జర్మన్ డోర్నియర్ విమానాన్ని అదే మ్యూజియం కాస్‌ఫోర్డ్ ప్రాంగణంలో నెలల తరబడి నిమ్మ ఉప్పు ద్రావణంతో తడుపుతూనే ఉండాల్సి వచ్చింది. లేకుంటే లోహంలో ఇంకిన సముద్రపు ఉప్పు దాన్ని తినేస్తుంది. ఇంత చాకిరీ కంటే రంగు డబ్బా కొనడం చవక.

శకలం ఎవరి చేతిలో ఉందన్నదీ ముఖ్యమే. హనోయ్‌లో హూ టియెప్ చెరువులో కూలిన అమెరికా బీ-52 బాంబర్ ముక్కలు, బెల్‌గ్రేడ్ మ్యూజియంలోని అమెరికా ఎఫ్-117 విమానం రెక్క విజయ చిహ్నాలు. కూల్చినవాడి గొప్ప చెప్పడానికే అవి అక్కడున్నాయి. అందులో అబద్ధం లేదు, కానీ కథ సగమే. దీనికి భిన్నమైన ఉదాహరణ మన దగ్గరే ఉంది: విశాఖ తీరానికి చేరువలో 1971 నుంచి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ తన సిబ్బందితో సహా సముద్రం అడుగున ఉంది. శత్రువులే అయినా మృతులపై గౌరవంతో మన నౌకాదళం దాన్ని కదపలేదు. మనుషుల అవశేషాలున్న శిథిలం విషయంలో అంతకు మించిన పద్ధతి లేదు.

మన దేశంలో ఈ ప్రశ్న నిజంగా ఎదురయ్యేది అరుణాచల్ ప్రదేశ్‌లో. 1942-45 మధ్య అస్సాం నుంచి చైనాకు సరుకులు మోస్తూ హిమాలయాల మీదుగా ఎగిరిన అమెరికా విమానాలు వందల సంఖ్యలో కూలాయి. దొరికిన కొన్ని భాగాలతో 2023 నవంబరులో పాసీఘాట్‌లో ఆ గగన మార్గం పేరుతో 'హంప్' మ్యూజియం తెరిచారు. మంచి పనే. అయితే అడవుల్లో మిగిలిన వాటికి దిక్కెవరు? బ్రిటన్‌లో 1986 నాటి చట్టం ప్రకారం కూలిన సైనిక విమానాన్ని లైసెన్సు లేకుండా కదపడం నేరం. మన 1972 నాటి పురావస్తు చట్టం ఇలాంటి వస్తువులకు వందేళ్లు నిండితేనే పురావస్తువుగా లెక్కిస్తుంది. ఆ లెక్కన 1942లో తయారైన విమానానికి 2042 దాకా రక్షణ లేదు. గడువు తగ్గించడమో, యుద్ధ శిథిలాలకు ప్రత్యేక నిబంధన తేవడమో చేయాలి. ఈలోగా కనీసం ఏ ముక్క ఎక్కడ, ఎలా పడి ఉందో నమోదు చేయకుండా ఏదీ కదపరాదన్న ఉత్తర్వు ఇవ్వడానికి ఆ రాష్ట్ర ప్రభుత్వానికి పార్లమెంటుతో పనిలేదు.