బ్యాటరీ లేని కరెంట్... ఫోన్‌కి ఎక్కదు!

మొన్న రాత్రి మా తమ్ముడు ఓ రీల్ పంపాడు. ఒక రింగు, ఒక అయస్కాంతం, వెలుగుతున్న బల్బు. ‘‘అన్నా, క్వాంటమ్ రింగ్ ఛార్జరంట. బ్యాటరీ లేకుండానే కరెంట్ వస్తదంట. అడ్వాన్స్ మూడు వేలు కట్టేయనా?’’

అది వాడి మొదటి స్టైపెండ్‌లో మిగిలిన డబ్బు. ‘ఫేక్ రా’ అని కొట్టిపారేద్దామనుకున్నా. చిక్కేంటంటే, అందులో సగం నిజం!

క్వాంటమ్ రింగులు నిజంగానే ఉన్నాయి. గాలియం ఆర్సెనైడ్ మీద ఇండియం ఆర్సెనైడ్ చుక్కలు పెంచి, పైన పల్చటి పొర కప్పి, కాసేపు వేడి మీద ఉంచితే మధ్యలోని పదార్థం పక్కకి జరుగుతుంది. గారెలా గుంత పడుతుంది. వెంట్రుక మందంలో ఇలాంటివి వందలకొద్దీ పేర్చొచ్చు.

ఆ గారెలో ఎలక్ట్రాన్ అలలా చుట్టుకుని ఉంటుంది. బతుకమ్మ ఆట గుర్తు తెచ్చుకోండి. చుట్టు పూర్తయ్యేచోట చివరి చప్పట్లు మొదటి చప్పట్లతో కలవాలి కదా. ఈ అలా అంతే. రింగు మధ్యలోంచి అయస్కాంత క్షేత్రం పంపితే ఆ తాళం జరుగుతుంది. క్షేత్రం పెంచుతూ పోతే ఒక దశలో ఎలక్ట్రాన్ కొత్త తాళానికి మారిపోతుంది. ఆక్సెల్ లోర్కే బృందం 2000లో ఈ మార్పునే చూపించింది.

ఇలా తిరిగే ఎలక్ట్రాన్లే కరెంట్. దాంతో రింగు బుల్లి అయస్కాంతమవుతుంది. ఇంతకంటే పెద్దదైన ఒక గాలియం ఆర్సెనైడ్ రింగులో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు 1993లో ఆ కరెంట్‌ని కొలిచారు. బ్యాటరీ లేదు, అయినా ఆగలేదు!

మరి ఫోన్ ఛార్జ్ చేసుకోవచ్చుగా? అక్కడే ఉంది మెలిక. ఆ కరెంట్ కొన్ని నానోఆంపియర్లే. మన ఛార్జర్ ఇచ్చే 2 ఆంపియర్లలో కోట్లవంతు. అదీ అబ్సల్యూట్ జీరో దగ్గరికి చల్లబరిస్తేనే. అసలు సంగతి ఇంకోటి. అప్పుడు ఎలక్ట్రాన్లు ఉన్నది అతి తక్కువ శక్తి ఉండే స్థితిలో. బావి అడుక్కి చేరిన రాయి ఇంకెక్కడికి పడుతుంది? కరెంట్ ఉంది, కానీ పిండుకోవడానికి శక్తి లేదు.

ఇదంతా తమ్ముడికి వాయిస్ మెసేజ్ పెట్టా. వెంటనే రిప్లై: ‘‘మరి బల్బు ఎట్ల వెలిగిందన్నా?’’

‘‘టేబుల్ కింద ఏముందో చూపించమని అడుగు.’’

అడిగాడు. వాళ్లు వీణ్ని బ్లాక్ చేశారు. మూడు వేలు దక్కాయి.