సూది పిల్లకు.. సంతకం వార్డెన్‌ది

మందుల షాపులో నాలుగు రూపాయలకు దొరికే మాత్ర ఊరికే పుట్టదు. దాన్ని కనిపెట్టిన శాస్త్రజ్ఞులు కొందరే కావచ్చు. అది పని చేస్తుందో లేదో తేల్చడానికి ముందుగా తమ ఒంటి మీద పరీక్షకు ఒప్పుకున్నవారు వందలు, వేలు. వారి పేర్లు ఏ సీసా మీదా ఉండవు. జబ్బు నయమైనవాడు డాక్టరుకు దణ్ణం పెడతాడు తప్ప, ఆ మాత్రను తనకన్నా ముందు మింగినవారెవరో అతనికి తెలియదు. ఆ తెలియనివారి రుణం లోకం మీద ఉంది. ఆ రుణానికి కనీస మర్యాద ఒకటే. ఉన్నది ఉన్నట్టు వారికి చెప్పాలి, ఇష్టపడితేనే పరీక్ష చేయాలి. చెప్పకుండా చేసే పరీక్ష వైద్యం కాదు, దగా.

కొత్త మందును మొదట ఎలుకలు, కుందేళ్ల వంటి జంతువులకు ఇచ్చి చూస్తారు. తర్వాత మనుషుల వంతు. మొదటి దశలో కొద్దిమందికి ఇచ్చి ఒళ్లు తట్టుకుంటుందా, ఎంత మోతాదు ఇవ్వవచ్చు అని గమనిస్తారు. రెండో దశలో మరికొంతమంది రోగుల మీద పనితనం చూస్తారు. మూడో దశలో వందలు, వేల మందిని రెండు జట్లుగా విడదీస్తారు. ఒక జట్టుకు కొత్త మందు, రెండో జట్టుకు పాత మందు గానీ, మందు లేని ఉత్తి బిళ్ల గానీ ఇస్తారు. ఎవరు ఏ జట్టులోకి వెళ్లేదీ చీటీలు తీసినట్టు తేలుస్తారు. చాలా పరీక్షల్లో ఎవరికి ఏది అందిందో డాక్టరుకు కూడా తెలియనివ్వరు. మందు వల్ల తగ్గిందా, మందు వేసుకున్నామన్న ధైర్యంతో తగ్గినట్టు అనిపించిందా అన్నది తేలాలంటే ఇది తప్పదు. కానీ ఈ సంగతి రోగికి ముందే తెలిసి ఉండాలి. కొత్త మందు అంటే మంచి మందు అని కాదు, మంచిదో కాదో ఇంకా తేలని మందు అని అర్థం. పల్లెల్లో చాలామందికి ఈ ఒక్క మాట చెప్పేవారే లేరు.

ఇలాంటి పరీక్షలు పేదవాడికి చేసిన మేలు తక్కువేమీ కాదు. ఒకప్పుడు క్షయ వచ్చిందంటే ఇల్లు వదలాల్సిందే. మదనపల్లె ఆరోగ్యవరం, వికారాబాద్ అనంతగిరి శానటోరియాల్లో నెలల తరబడి మంచం పట్టాలి. ఆ మంచాలు దేశంలోని రోగుల్లో కొద్దిమందికే సరిపోయేవి. అక్కడి గాలి, తిండి, విశ్రాంతి లేకుండా క్షయ నయం కాదని డాక్టర్లు నమ్మేవారు. అది నిజమో కాదో తేల్చడానికి 1956లో మద్రాసులో ఒక పరీక్ష మొదలైంది. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి దాన్ని జరిపాయి. 193 మంది పేద రోగులను తీసుకుని కొందరిని శానటోరియంలో ఉంచారు. మిగిలినవారికి ఇరుకు ఇళ్లలోనే, అంతంతమాత్రం తిండి మీదనే, ఏడాది పాటు మందులు ఇచ్చారు. ఇంటి దగ్గర ఉన్నవారికీ దాదాపు అంతే బాగా నయమైంది. ఇంట్లోవారికి జబ్బు అంటుకోవడం కూడా అదనంగా పెరగలేదు. 1959లో ఆ ఫలితం వెలువడ్డాక ప్రపంచమంతా క్షయ వైద్యం తీరు మారింది. నేడు ఊళ్లో ఉండే, పనికి పోయే క్షయ రోగి మందు వేసుకోగలుగుతున్నాడంటే ఆ 193 మంది పుణ్యమే.

పసిపిల్లల నీళ్ల విరేచనాలను అడ్డుకునే రోటావాక్ టీకా హైదరాబాద్‌లో తయారవుతుంది. ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది శిశువుల మీద పరీక్షించాకే అది బయటికి వచ్చింది. 2016లో ప్రభుత్వ టీకాల పట్టికలో దాన్ని మొదట చేర్చిన 4 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పరీక్షలే వద్దనడం అంటే రేపటి బిడ్డకు మందు వద్దనడమే.

మరి గొడవ ఎక్కడ వచ్చింది? దూరం పోనక్కర్లేదు. 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే టీకా వేయడం మొదలుపెట్టారు. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన పని అది. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాగే జరిగింది. బాలికల్లో చాలామంది గిరిజనులు, హాస్టళ్లలో ఉండి చదువుకునేవారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఈ కార్యక్రమాన్ని ఆపివేసింది. అప్పటికి రెండు రాష్ట్రాల్లో కలిపి 7 గురు బాలికలు మరణించారు.

ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చునని విచారణ సంఘం తేల్చింది. పాము కాటు, నీళ్లలో పడిపోవడం, పురుగుల మందు, మలేరియా వంటివి కారణాలుగా నమోదయ్యాయి. ఆ టీకా చెడ్డదని అప్పుడూ తేలలేదు, తర్వాతా తేలలేదు. ఎన్నో దేశాలు తమ ఆడపిల్లలకు దాన్ని వేస్తున్నాయి. తప్పు సూదిలో లేదు, కాగితంలో ఉంది. రాష్ట్రంలో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. 1,948 పత్రాల మీద వేలిముద్రలు ఉన్నాయి. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా దుయ్యబట్టింది.

ఇది మందుల పరీక్ష కానే కాదని, అప్పటికే దేశంలో అనుమతి పొందిన టీకాను ఊళ్లలో ఎలా వేయాలో చూసే నమూనా కార్యక్రమమని కొందరు వాదించారు. పేరు ఏదైతేనేం? సూది పడింది పిల్ల భుజానికి, వార్డెను భుజానికి కాదు. అడవిలో గూడెం ఎంత దూరమైనా తల్లి అక్కడే ఉంది, తండ్రి అక్కడే ఉన్నాడు. బియ్యం కార్డుకూ ఓటుకూ గూడెం దాకా నడిచి వెళ్లే యంత్రాంగం, బిడ్డ ఒంటికి సూది వేయడానికి తల్లిని అడగడానికి నడవలేకపోయిందంటే నమ్మేదెలా? అడగాల్సిన అవసరం ఉందని ఎవరికీ తోచలేదన్నదే అసలు సంగతి.

దీని ఫలితం ఎవరికి తగిలింది? తల్లిదండ్రుల్లో భయం పుట్టింది. మంచి టీకాకు చెడ్డపేరు వచ్చింది. ఏటా వేలాది ఆడవాళ్లను పొట్టనబెట్టుకునే జబ్బుకు విరుగుడు చేతిలో ఉండి కూడా దేశం ఏళ్ల తరబడి వెనకాడింది. సిక్కిం 2018లో తన బాలికలకు దాన్ని వేయగలిగింది. మొదట సూది పడిన ఈ ప్రాంతంలో మాత్రం ఆ టీకా పేరెత్తితే నాటి గొడవే గుర్తుకు వస్తుంది. తల్లిని అడగకపోవడం వల్ల మిగిలింది రెండు గంటల పని, పోయింది ఒక తరం నమ్మకం.

రెండో రకం అన్యాయం డబ్బు దారిన వస్తుంది. ఒక కంపెనీ మందుకు మరో కంపెనీ నకలు తయారు చేసినప్పుడు, రెండూ రక్తంలో ఒకేలా కలుస్తున్నాయో లేదో చూడాలి. అందుకోసం ఎక్కువగా ఆరోగ్యవంతులకే ఆ మందు ఇచ్చి, గంటగంటకూ రక్తం తీసి పరీక్షిస్తారు. హైదరాబాద్‌లో ఇలాంటి పరీక్షా కేంద్రాలు ఉన్నాయి. వచ్చినవారికి డబ్బు ఇస్తారు. అది చట్టం ఒప్పుకున్నదే. 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ల ప్రాంతపు పేద మహిళలను రొమ్ము క్యాన్సర్ మందు పరీక్షకు హైదరాబాద్ తీసుకుపోయిన సంగతి బయటపడింది. ఏ మందు ఇస్తున్నారో వారికి తెలిసేలా చెప్పలేదన్న ఆరోపణలు వచ్చాయి. కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు ఆ సంస్థ అనుమతిని నిలిపివేశారు. కూలి దొరకని నెలలో, అప్పులవాడు గుమ్మంలో నిలబడినప్పుడు, వేల రూపాయలు ఇస్తామన్న మధ్యవర్తి మాట కాదనడం ఎవరికైనా కష్టమే. ఆకలి చేత పెట్టించిన సంతకాన్ని ఇష్టం అనలేం.

చట్టం లేదా అంటే ఉంది. 2013లో సుప్రీంకోర్టు మందలింపుల తర్వాత నిబంధనలు బిగిశాయి. 2019 మార్చిలో కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం ప్రతి పరీక్షనూ ఎథిక్స్ కమిటీ ఆమోదించాలి. అందులో కనీసం 7 గురు ఉండాలి, సగం మంది ఆ ఆసుపత్రికి సంబంధం లేనివారై ఉండాలి. పరీక్షలో ఉన్నవారికి ప్రాణం మీదికి వచ్చే హాని జరిగితే 24 గంటల్లో పైఅధికారులకు తెలపాలి. హాని జరిగినవారికి ఉచితంగా వైద్యం చేయాలి. పరీక్ష కారణంగా మరణించినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా లెక్క కట్టి పరిహారం ఇవ్వాలి. చదువు రానివారి దగ్గర అంగీకారం తీసుకునేటప్పుడు సంబంధం లేని సాక్షి ఒకరు మొదటి నుంచి చివరి వరకూ ఉండాలి. పిల్లల విషయంలో తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. ఊహ తెలిసిన పిల్ల మాట కూడా వినాలి.

కాగితం మీద ఇంతకన్నా ఏం కావాలి? కానీ చట్టం హైదరాబాద్‌లో ఉంటుంది, వేలిముద్ర గూడెంలో ఉంటుంది. దేశంలో జరిగే ప్రతి పరీక్షనూ నమోదు చేయడం 2009 జూన్ నుంచి తప్పనిసరి అయింది. ఆ పట్టిక ఇంగ్లీషులో ఉంటుంది. కోయ మాట్లాడే తల్లికి అది ఏ విధంగా ఉపయోగం?

ప్రభుత్వం చేయాల్సిన పనులు పెద్దవేమీ కావు. జిల్లాలో ఎవరి మీదనైనా మందుల పరీక్ష జరుగుతుంటే దాని పేరు, జరిపేవారి పేరు, అడగాల్సిన ఫోను నంబరు తెలుగులో రాసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడకు అంటించాలి. ఏజెన్సీలో గ్రామసభ ముందు ఆ సంగతిని కోయలోనూ చెప్పించాలి. గ్రామసభ తీర్మానం చేసినా మనిషి మనిషినీ విడిగా అడగాల్సిందే. సర్పంచి ఒప్పుకుంటే ఊరంతా ఒప్పుకున్నట్టు కాదు. హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు ఇలాంటి పత్రాల మీద సంతకం చేయరాదని జిల్లా అధికారులు లిఖితపూర్వకంగా ఆదేశించాలి.

ఊరివారు కూడా నోరు విప్పాలి. తెల్ల కోటు వేసుకున్నవారిని ప్రశ్నించడం మర్యాద కాదన్న భయం వదలాలి. ఇది వైద్యమా, పరీక్షా? ఇందులో చేరకపోతే మామూలు వైద్యం ఏది దొరుకుతుంది? హాని జరిగితే ఎవరు చూస్తారు? ఇష్టం లేనప్పుడు మధ్యలో మానేయవచ్చా? ఈ నాలుగూ అడగాలి. మానేసే హక్కు ఎప్పుడూ ఉంటుంది. మానేసినంత మాత్రాన ఆసుపత్రి వైద్యం నిరాకరించడానికి వీల్లేదు. సంతకం చేసిన పత్రం నకలు అడిగి తీసుకుని ఇంట్లో భద్రం చేసుకోవాలి. నకలు ఇవ్వనివారికి ఒళ్లు అప్పగించవద్దు.

తెలిసి ఒప్పుకున్నవాడు ప్రయోగానికి దొరికిన ఎలుక కాడు, శాస్త్రజ్ఞుడి పక్కన నిలబడిన మనిషి. రేపటి రోగికి అతను దాత. అటువంటి దాతలు ఈ జిల్లా పల్లెల్లో కరవు కారు. పొలం గట్టు దాటేటప్పుడు కూడా పక్క రైతును అడిగి దాటే మనుషులు వీరు. వీరి బిడ్డల ఒంటి మీదికి వచ్చేవారు కూడా అడిగే రావాలి.